బొప్పి పిస్టన్

కళింగపట్నం లైటు హౌసు కనబడేంత దూరంలో ఒక మత్స్యకారుల పేట ఉంది. ఆ పేట మొత్తానికి ఇసుకలో నడిచే నాలుగు చక్రాల మోటారు బండి ఒకటే. దాన్ని నడిపేది కూర్మమ్మ. ఆమెకి నలభై ఏడేళ్ళు. సైకిలు తొక్కడం రాదు, మోటారు సైకిలు నడపడం అంతకన్నా రాదు. ఈ బండికి ఆ రెండూ రానక్కర్లేదని, పడిపోదన్న నమ్మకం ఉంటే చాలని ఆమె చెబుతుంది.

ఆ బండిని మొదట తెచ్చింది టౌను నుంచి వచ్చిన ఒకాయన. బీచికి వచ్చిన వాళ్ళని ఎక్కించుకుని ఒడ్డు వెంబడి తిప్పుదామనుకున్నాడు. జనం ఆదివారాలు మాత్రమే వచ్చేవారు. ఆ ఏడాది ఆదివారాల్లోనే ఎక్కువగా వాన పడింది. ఆయన పాక విప్పేసుకుని వెళ్ళిపోతూ బండిని అమ్మకానికి పెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కూర్మమ్మ మెడ నొప్పితో శ్రీకాకుళం వెళ్ళింది. పేటలో చేపలు దిగే చోటికీ, ఆటో ఆగే తారురోడ్డుకీ మధ్య సరుగుడు తోట, తోటకి ముందు పెద్ద ఇసుక దిబ్బ ఉన్నాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని ఆ దిబ్బ ఎక్కి దిగుతూనే ఉంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇకమీదట నెత్తిమీద బరువు పెట్టవద్దన్నాడు. మరి ఎక్కడ పెట్టాలని ఆమె అడిగింది. ఆయన తరవాతి పేషెంటుని పిలిచాడు. కూర్మమ్మ ఇంటికి వచ్చి బండి కొనేసింది.

ఆమె భర్త ఎల్లాజీ పదిహేనేళ్ళ వయసు నుంచీ సముద్రం మీదే బతికిన మనిషి. ఇంటి కప్పంత కెరటం వచ్చినా తెడ్డు వదలడు. చక్రాలంటే మాత్రం భయం. బస్సు మలుపు తిరిగితే కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి భార్య వెనక కూర్చున్నాడు. దిబ్బ మొదట్లోనే దిగిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు. బండి ఎలా ఉందని ఎవరైనా అడిగితే, దూరం నుంచి బాగుందని చెప్పేవాడు.

పేటలో పెద్దమనిషి అప్పలసూరి. ఆడది అలా చెరో పక్క కాళ్ళు వేసుకుని గంగమ్మ గుడి ముందు నుంచి పోవడం బాగోలేదని ఆయన నలుగురినీ కూర్చోబెట్టాడు. కూర్మమ్మ చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నది.

"తట్ట మోసినన్నాళ్ళూ నా మెడకేసి ఎవులూ సూడనేదు. ఇప్పుడు నా కాళ్ళకేసి ఎందుకు సూత్తన్నారు" అంది.

ఈ సంగతి మరోసారి చూద్దామని అప్పలసూరి లేచాడు. ఆ మరోసారి రాలేదు. పేటవాళ్ళు ఆ బండికి పీత అని పేరు పెట్టారు.

మూడేళ్ళు ఉప్పు గాలిలోనూ ఇసుకలోనూ తిరిగాక పీత నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. దిబ్బ సగంలో ఆగిపోయేది. కూర్మమ్మ సగం చేపల పెట్టెలు దిబ్బ కింద దించి, సగం పైకి తీసుకెళ్ళి, మళ్ళీ వచ్చేది. రోడ్డు మీద చేపల ఆటో గంగులుది. ఐసు కరిగిపోతోందన్న మాట తప్ప అతను వేరే మాట మాట్లాడడు. ఆమె రెండో విడత తెచ్చేలోపు ఒక్కోరోజు ఆటో వెళ్ళిపోయేది. ఏటా వేసవిలో వచ్చే వేట నిషేధం మొదలయ్యే నాటికి బండి దిబ్బ వంక చూడడం కూడా మానేసింది.

నిషేధం రోజుల్లో ఆమె తమ్ముడు ధనరాజు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వచ్చాడు. అక్కడ పెద్ద బోట్ల మీద పని చేస్తాడు. వేట లేనప్పుడు ఫోనులో ఇంజన్లు విప్పే వీడియోలు చూస్తాడు. అక్క బండి సంగతి వినగానే అతని మొహం వెలిగింది. ఇద్దరూ దాన్ని ఒక చిన్న వ్యాను ఎక్కించి శ్రీకాకుళంలో డేవిడ్‌రాజు షెడ్డుకి తీసుకెళ్ళారు.

డేవిడ్‌రాజు షెడ్డు నాగావళి పాత వంతెన దాటాక ఉంటుంది. ఆయన బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఆదివారం పానా కూడా ముట్టుకోడు. చర్చిలో ప్రకటనలు ఆయనే చదువుతాడు కాబట్టి షెడ్డులోనూ అదే గొంతుతో మాట్లాడతాడు. ఇంజను విప్పి, సిలిండర్లో వేలు పెట్టి తడిమి, "బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, గీతలు పడిపోయింది. పిస్టను అరిగిపోయింది. రెండూ సంతాపకరం" అన్నాడు.

"బోరు తిప్పించి కొత్త పిస్టను వేయాలి కదా. వేసేటప్పుడు హై కంప్రెషన్‌ది వేద్దాం" అన్నాడు ధనరాజు. అప్పటికే ఫోనులో ఆర్డరు పెట్టేశాడు. ఆ సంగతి అక్కకి నాలుగు రోజుల తరవాత పార్సిలు వచ్చాక చెప్పాడు.

ఆ పార్సిలు పట్టుకుని మళ్ళీ షెడ్డుకి వెళ్ళారు. డేవిడ్‌రాజు బల్ల మీద పేపరు పరిచి రెండు పిస్టన్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి కంపెనీది, రెండోది ధనరాజు తెప్పించింది.

"ఈ రెండిట్లో తేడా ఏటి" అంది కూర్మమ్మ.

"ఒకటి సదునుగా ఉన్నాది. ఇంకోటి నెత్తిమీద బొప్పి కట్టినట్టున్నాది, సూడప్పా" అన్నాడు ధనరాజు.

"అది నాకూ అవుపడతన్నాది. పనిలో తేడా ఏటని."

డేవిడ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "సిలిండర్లోకి గాలీ పెట్రోలూ కలిసి వస్తాది. పిస్టను పైకెళ్ళి దాన్ని నొక్కుతాది. అప్పుడు నిప్పు తగుల్తాది. ఎంత నొక్కితే అంత గట్టిగా తిరిగి తన్నుతాది. బొప్పి ఉంటే పైన జాగా తగ్గిపోద్ది. అందుకని ఎక్కువ నొక్కుతాది."

"అంత మంచిదైతే కంపెనీవోడు మొదటే అది ఎందుకెట్టనేదు?"

ధనరాజు ఫోను వంక చూసుకున్నాడు. వీడియోలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎక్కువ నొక్కితే ఎక్కువ వేడెక్కుతాది. ఇది గాలికి చల్లారే ఇంజను. నీళ్ళు లేవు" అన్నాడు డేవిడ్‌రాజు. "మామూలు పెట్రోలు ఆ నొక్కుడికి తట్టుకోలేదు. నిప్పు తగలకముందే తనంతట తను అంటుకుంటాది. అప్పుడు డబ్బాలో గోళీలేసి ఊపినట్టు సౌండొస్తాది. ఆ సౌండొస్తే ఆపీవాలి. ఆపకపోతే పిస్టనుకి కన్నం పడతాది."

"మరి దానికి ఏ పెట్రోలు?"

"ప్రీమియం. టౌన్లో దొరుకుతాది. మీ వైపు దొరకదు."

"నువ్వైతే ఏది వేస్తావు మేస్త్రీ?"

"ముప్పై ఏళ్ళ నుంచీ నేను కంపెనీ పిస్టనే వేస్తన్నాను. ఎవరికీ ఇలాంటిది వేయలేదు. వేయమని చెప్పనూ లేదు."

చెప్పడం అలా చెబుతున్నాడు గాని, ఆయన చేతిలో ఉన్నది బొప్పి పిస్టను. దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. అది డబ్బాలోంచి వచ్చిన కొత్త సరుకు, తుడవడానికి ఏమీ లేదు. వెలుతురులోకి తిప్పి చూశాడు. గుండ్రని అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. ఎల్లాజీ తనకు అక్కర్లేని కొత్త వలని కూడా సంతలో ఇలాగే పట్టుకుని చూస్తాడు. కూర్మమ్మకి ఆ చూపు తెలుసు.

"నీకది వేయాలని ఉన్నాది" అంది.

"నా ఇష్టంతో పనేముంది. బండి నీది."

"ఉన్నాదా, నేదా?"

డేవిడ్‌రాజు పిస్టనుని పేపరు మీద పెట్టాడు. "ఉన్నాది" అన్నాడు. చర్చిలో అయితే ఆ గొంతుతో మరణ వార్తలు చదువుతాడు.

"దిబ్బ ఎక్కుతాదా?"

"ఎక్కుతాది."

"పెట్టెల్తోటి?"

"పెట్టెల్తోటి."

"అయితే వెయ్యి."

బోరు పని లేతు షాపులో అయింది. ఆ తరవాత బొప్పి పైకి వచ్చినప్పుడు వాల్వులకి తగలకుండా ఉందో లేదో చూడాలన్నాడు డేవిడ్‌రాజు. హోటలు నుంచి మైదా పిండి ముద్ద తెప్పించాడు. బొప్పి మీద నూనె రాసి, పిండి పరిచి, పైన హెడ్డు మూత బిగించి, ఇంజనుని చేత్తో మెల్లగా తిప్పి, మళ్ళీ విప్పాడు. పిండి మీద వాల్వుల అచ్చు పడింది. అచ్చు పడిన చోట ఎంత మందం మిగిలిందో చూడమని కూర్మమ్మకే ఇచ్చాడు.

"అప్పడమంత ఉన్నాది" అంది.

"సాలదు. సపాతీ అంత ఉండాలి."

సిలిండరు కింద మందపాటి గాస్కెట్టు రేకు వేసి మళ్ళీ బిగించాడు. ఈసారి చపాతీ వచ్చింది. ఆ మధ్యాహ్నం షెడ్డులో ఇంజను గురించి ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

బండి స్టార్టు చేసేముందు డేవిడ్‌రాజు సీటు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఎండకి సొమ్మసిల్లాడేమోనని ధనరాజు భుజం తట్టాడు.

"ప్రార్థన" అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే.

కూర్మమ్మ తన వంతుగా ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టింది. రెండిట్లో ఏది పనిచేసిందో గాని, నాలుగో కిక్కుకి ఇంజను అందుకుంది. పాత శబ్దం దగ్గులా ఉండేది. ఇది బరువుగా, లోతుగా ఉంది. డేవిడ్‌రాజు చిన్నగా నవ్వాడు. ఆయన నవ్వడం ధనరాజు అప్పుడే చూశాడు.

నిషేధం ముగిసి తెప్పలు దిగిన మొదటి రోజున కూర్మమ్మ పెట్టెలన్నీ ఒకేసారి ఎక్కించింది. ఆడవాళ్ళు తట్టలు కింద పెట్టి మరీ నిలబడ్డారు. బండి దిబ్బ మొదట్లో ఒకసారి మూలిగి, ఆగకుండా ఎక్కేసింది. పైన ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. ఆమె ముందుకి వంగింది. చక్రాలు దిగాయి. అవతలి వైపు నుంచి తిరిగి వచ్చాక ఎలా ఉందని అందరూ అడిగారు.

"బరువు కొంచెం ముందు కట్టాలి" అంది.

వెరావల్ వెళ్ళిపోయే ముందు ధనరాజు ప్రీమియం పెట్రోలు గురించి అక్కకీ, బావకీ, గంగులుకీ విడివిడిగా చెప్పాడు. గంగులు శ్రీకాకుళం నుంచి తిరిగొచ్చేటప్పుడు స్టీలు క్యానులో తెచ్చేవాడు. కొన్నాళ్ళకి పెట్రోలుకి చేపల వాసన, చేపలకి పెట్రోలు వాసన పట్టాయి. చేపల గురించి ఒకరిద్దరు ఫిర్యాదు చేశారు.

బొప్పి పిస్టనుతో బతకడం సుఖంగా ఏమీ లేదు. కిక్కు కొడితే ఒక్కోసారి అది తిరిగి కొట్టేది. కూర్మమ్మ చీలమండకి గుడ్డ చుట్టుకుని కిక్కు కొట్టడం నేర్చుకుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో మంచి పెట్రోలుతో కూడా డబ్బాలో గోళీలు కదిలేవి. అప్పుడు బండి ఆపి సరుగుడు నీడలో కూర్చునేది. తట్టలతో నడిచి వెళ్ళేవాళ్ళు ఆమెని దాటిపోతూ పలకరించేవాళ్ళు. అయినా దిబ్బ ఒక్కసారే ఎక్కుతోంది, గంగులు ఆటో వెళ్ళిపోవడం లేదు, మెడ నొప్పి లేదు. పక్కింటివాళ్ళ తట్టలు కూడా బండి మీదికి ఎక్కాయి.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. వేటకి వెళ్ళొద్దని చాటింపు వేశారు. గంగులు ఆ వారం క్యాను దించుతూ, "ఆ పెట్రోలు నేదంట. మామూలుది తెచ్చేను. రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. కూర్మమ్మ ఆ క్యానుని గోడ పక్కన పెట్టేసింది. వేట ఎలాగూ లేదు, బండితో పని లేదనుకుంది.

మర్నాడు పొద్దున్న సముద్రం తెప్పల దాకా వచ్చింది. ఒడ్డున వరసగా ఉన్న ఫైబరు తెప్పలన్నిటినీ దిబ్బ ముందున్న గట్టు మీదికి లాగాలి. ఎప్పుడూ లాగే ట్రాక్టరు పక్క ఊళ్ళో ఉంది, దాని డ్రైవరు టెక్కలిలో పెళ్ళికి వెళ్ళాడు. మగాళ్ళూ ఆడవాళ్ళూ భుజాలు పెట్టి తోస్తున్నారు. తడి ఇసుకలో తెప్ప జానెడు కదిలితే కెరటం బెత్తెడు వెనక్కి తీసుకుపోతోంది.

కూర్మమ్మ ఇంటికి వెళ్ళి గోడ పక్క క్యాను టాంకీలో పోసింది. బండి తెచ్చి తాడు కట్టమంది. వెనక నుంచి జనం తోశారు, ముందు నుంచి బండి లాగింది. మొదటి తెప్ప ఇంకా గట్టు ఎక్కకముందే గోళీల శబ్దం వచ్చింది.

తోస్తున్న ఎల్లాజీకి కూడా అది వినబడింది. బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఆ సౌండేటి?"

"గోళీలు."

"గోళీలొస్తే ఆపీమన్నాడు కదా మేస్త్రి."

"ఆపితే తెప్పలు ఎవులు లాగుతారు? నువ్వు రెండోదానికి తాడు కట్టు."

ఎల్లాజీ రెండో తెప్ప దగ్గరికి వెళ్ళాడు. గాలి హోరులో గోళీలు మోగుతూనే ఉన్నాయి. ఆమెకి కాళ్ళ మధ్య ఇంజను వేడి చీర దాటి తగులుతోంది. తెప్ప తరవాత తెప్ప గట్టెక్కింది. వాన మొదలైంది. ఇంజను మీద పడిన చినుకులు చుయ్యిమని ఆవిరవుతున్నాయి.

చివరికి మిగిలింది అప్పలసూరి తెప్ప. ఆయన దాని అంచు పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. కొడుకులిద్దరూ పనికోసం చెన్నై వెళ్ళారు. ఆయన కూర్మమ్మని పిలవలేదు. కూర్మమ్మ బండిని వెనక్కి నడిపి ఆయన ముందు ఆపి, ఇంజను ఆపకుండా ఎదురుచూసింది. అప్పలసూరి సముద్రం వంక చూశాడు, తెప్ప వంక చూశాడు, తాడు అందుకుని కట్టాడు.

తెప్ప ముక్కు గట్టు దాటింది, తోక ఇంకా దాటలేదు. ఇంజనులో టప్పుమని ఒక శబ్దం వచ్చింది. తెల్లటి పొగ లేచింది. తరవాత గాలి శబ్దమొక్కటే మిగిలింది. మిగతా తెప్పని జనం తోశారు. అది పైకి చేరాక బండినీ తోశారు. తోసినవాళ్ళలో అప్పలసూరి ఉన్నాడు. బండి వెనక కడ్డీ పట్టుకుని, దిబ్బ పైదాకా తోశాడు.

వాన తగ్గాక పీత మళ్ళీ వ్యాను ఎక్కింది. డేవిడ్‌రాజు హెడ్డు విప్పి పిస్టను బయటికి తీశాడు. బొప్పి మధ్యలో వేలు పట్టేంత కన్నం ఉంది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి, కన్నంలోంచి కూర్మమ్మ వంక చూశాడు.

"కన్నం పడింది" అన్నాడు.

"తెలుసు."

"గోళీలు వినబడలేదా?"

"వినబడ్డాయి. తెప్పలు లాగుతన్నాను."

ఎన్ని తెప్పలని అడిగాడు. ఒడ్డునున్నవన్నీ అంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. ఆయన తల పంకించాడు. విచారంగా ఉండడానికి ప్రయత్నించాడు గాని అంతగా కుదరలేదు.

అంతలో షెడ్డు ముందు గంగులు ఆటో ఆగింది. అందులోంచి అప్పలసూరి, పేట పెద్దలు ఇంకో ముగ్గురు దిగారు. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కూర్మమ్మతో కాకుండా మేస్త్రితో మాట్లాడాడు.

"మళ్ళీ ఆ బొప్పిదే వెయ్యాలి. పేటంతా సందా యేసుకుంటాం. పెట్రోలు డ్రమ్ము కూడా మేమే ఎడతాం. పేటకి అది కావాల."

"బండి ఆమెది" అన్నాడు డేవిడ్‌రాజు. ఆయన చూపు మాత్రం ధనరాజు పిస్టను వచ్చిన ఖాళీ డబ్బా వైపు వెళ్ళింది. అది ఇంకా అరలోనే ఉంది.

అందరూ కూర్మమ్మ వైపు తిరిగారు. ఆమె స్టూలు మీద కూర్చుని చీలమండ రాసుకుంటోంది.

"మేస్త్రీ, దిబ్బ ఎక్కడానికి పిస్టను కాకుండా ఇంకేదైనా దారుందా?"

డేవిడ్‌రాజు కన్నం పడిన పిస్టనుని బల్ల మీద పెట్టాడు. తరవాత, "ఉన్నాది. ఇంజను పక్కన చైనుని తిప్పే పళ్ళ చక్రం మార్చి, తక్కువ పళ్ళున్నది వేస్తే లాగుడు పెరుగుతాది. స్పీడు తగ్గుతాది. కంపెనీ పిస్టనే సరిపోద్ది" అన్నాడు.

"అది అప్పుడే ఎందుకు సెప్పనేదు?"

"నువ్వు పిస్టను గురించి అడిగావు."

డేవిడ్‌రాజు చేతులు తుడుచుకున్నాడు.

"అలగ సెప్తే నువ్వు అదే వేయించుకుందువు" అన్నాడు మెల్లగా. "నాకు ఈ పిస్టను ఒక్కసారి వేసి చూడాలని ఉండేది."

"సూసేవా?"

"చూశాను."

"అయితే ఇప్పుడు సదునుది వెయ్యి. ఆ పళ్ళ సక్రం కూడా మార్చు."

అప్పలసూరి ఇబ్బందిగా కదిలాడు. "మరి మా తెప్పల సంగతో?"

"వాయుగుండం ఏడాదికోపాలి వస్తాది బావా. సేపలు రోజూ వస్తాయి. నాను ఎండలో సరుగుడు సెట్టు కింద కూకుని ఇంజను సల్లారబెట్టుకుంటే, మీరెవులైనా వొచ్చి విసురుతారేటి? ఆ సందా ఏదో ఎయ్యండి. ఏసి, తెప్పలు లాగడానికి తాడు సుట్టే యంత్రం ఒడ్డునే పాతించండి."

"అది ఎవులు సేస్తారు?"

ఎవరూ జవాబు చెప్పకముందే డేవిడ్‌రాజు సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద గీయడం మొదలుపెట్టాడు. పాత లారీ గేరు పెట్టె, ఒక ఇనుప డ్రమ్ము, ఇద్దరు మనుషులు పట్టుకుని తిప్పే చేతికర్ర. తను ఎప్పుడూ ఇలాంటిది చెయ్యలేదన్నాడు. పెద్దలు నలుగురూ గొంతుక్కూర్చుని చూశారు. అప్పలసూరి తన తెప్ప బరువు చెప్పాడు. మిగతా వాళ్ళు అది తప్పన్నారు. ఆ వాదన సాగుతుండగా కూర్మమ్మ బయటికి వచ్చి తమ్ముడికి ఫోను చేసింది.

"పిస్టను ఎలగుందప్పా" అన్నాడు ధనరాజు.

"బాగా పనిసేసింది."

"నాను సెప్పేను కదా. ఇప్పుడెలగుంది?"

"కన్నం పడింది" అని, పేటలో ఎవరెవరి ఇళ్ళ రేకులు గాలికి లేచిపోయాయో చెప్పింది.

కంపెనీ పిస్టనుతో, చిన్న పళ్ళ చక్రంతో పీత దిబ్బని మెల్లగా, చాలా మెల్లగా ఎక్కుతుంది. పక్కన నడిచేవాళ్ళు కూర్మమ్మతో మాట్లాడుతూ పైదాకా రావచ్చు. చాలామంది అలాగే వస్తున్నారు. ఆగడం మాత్రం లేదు. కళింగపట్నంలో దొరికే పెట్రోలే తాగుతుంది.

డిసెంబరులో డేవిడ్‌రాజు తాడు చుట్టే యంత్రాన్ని లారీలో పేటకి తెచ్చి, సరుగుడు తోట అంచున సిమెంటు దిమ్మ మీద బిగించాడు. బిగించి, దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. అప్పలసూరి టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. మొదటి తెప్పని ఎల్లాజీ, ఇంకొకతనూ కర్ర తిప్పి లాగారు. పేటంతా వచ్చి చూసింది. కూర్మమ్మ రాలేకపోయింది. ఆ రోజు వలల్లో కవళ్ళ చేపలు బాగా పడ్డాయి, గంగులు ఆటో రోడ్డు మీద హారను కొడుతోంది.